అంకితం వెంకట నరసింగరావు: విశాఖపట్టణపు తోటలో ఒక వేధశాల

విశాఖపట్టణంలో దాబాగార్డెన్స్ అనే పేరు వినగానే నేటి వారికి అంగళ్లు, బస్సుల రద్దీ, ఇరుకు వీథులు స్ఫురిస్తాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో అది నిజంగానే తోట. ఆ తోటలో, ఒక జమీందారీ కుటుంబం నివాసస్థలానికి ఆనుకొని, స్వంత ధనంతో నిర్మించుకొన్న వేధశాల ఒకటి అర్ధశతాబ్దికి పైగా నక్షత్రాలను, గ్రహాలను, గాలివానలను గమనిస్తూ నిలిచింది. దానిని స్థాపించినవారు గోడే వెంకట జగ్గారావు. దానికి విదేశీయ విద్వత్సభలలో స్థానం సంపాదించినవారు ఆయన జామాత అంకితం వెంకట నరసింగరావు. ఆంగ్ల పత్రికలలో నర్సింగ్ రో అనే రూపంలో కనిపించే ఈ పేరును తెలుగువారి శాస్త్రచరిత్రలో చేర్చుకోవలసిన అవసరం ఉన్నది.

నరసింగరావు 1827లో జన్మించారు. ఆయన జీవితం తెలియాలంటే ముందు మామగారి కథ కొంత తెలియాలి. జగ్గారావు 1817లో పుట్టినవారు. ఆనాటి సంపన్న కుటుంబాల యువకులు సాధారణంగా ఎన్నుకొనని మార్గాన్ని ఆయన ఎన్నుకొన్నారు. మదరాసు వెళ్లి, అక్కడి వేధశాలాధిపతి థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద గణితాన్ని, ఖగోళవేధను అభ్యసించారు. టేలర్ సామాన్యుడు కాడు. 1830లో మదరాసుకు వచ్చి, 11,015 నక్షత్రాల స్థానాలను నిర్ణయించి, 1844లో పట్టికగా ప్రకటించిన పరిశ్రమశీలి. గణితంలో చూపిన నిష్ఠనే యంత్రాలను నిలబెట్టడంలోనూ చూపాలన్న పాఠం శిష్యునికి అక్కడే అబ్బి ఉండాలి.

ఇక్కడ ఒక విశేషం చెప్పుకోవాలి. ఆ మదరాసు వేధశాల కూడా మొదట ఒక ఇంటి తోటలో పుట్టినదే. విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి 1786లో ఎగ్మూరులోని తన నివాసంలో పెట్టుకొన్న యంత్రాలే దానికి బీజం. 1792లో నుంగంబాకంలో శాశ్వత భవనం లేచినప్పుడు, యంత్రాన్ని మోయడానికి నిలిపిన పెద్ద నల్లరాతి స్తంభంపై లాటిను, అరవం, హిందూస్తానీ భాషలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కించారు. తెలుగు అక్షరాలు గల ఆ శిల నీడలో శిక్షణ పొందిన తెలుగు యువకుడు తన ఊరికి తిరిగి వచ్చి, 1840లో దాబాగార్డెన్స్‌లో వేధశాల స్థాపించారు. అది శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. కాకతాళీయమే అయినా సంవత్సరనామం కార్యానికి తగినట్లే ఉన్నది.

జగ్గారావు 1856లో, నలభై ఏళ్లైనా నిండకుండానే కన్నుమూశారు. ప్రైవేటు వేధశాలలకు ఇదే పరీక్షాసమయం. ఏ దేశంలోనైనా ఒక వ్యక్తి అభిరుచి మీద ఆధారపడిన సంస్థ ఆ వ్యక్తితో పాటే అంతరించడం పరిపాటి. కటకాలకు బూజు పడుతుంది, గడియారం ఆగిపోతుంది, పుస్తకాలు చెదలపాలవుతాయి. ఆ గతి పట్టకుండా నిలిపినవారు నరసింగరావు. ప్రభుత్వోద్యోగంలో ఉండి, ఉన్నతి పొందగల స్థితిలో ఉన్న ఆయన దానిని వదలి, మామగారి ఆస్తితో పాటు ఆయన వ్యసనాన్నీ స్వీకరించారు. ఆస్తి స్వీకరించే అల్లుళ్లు లోకంలో అనేకులు; వేధశాలను స్వీకరించినవారు అరుదు. మామగారి పేరునే దానికి నిలిపి, తన పేరు పెట్టుకొనకపోవడం ఆయన స్వభావాన్ని సూచించే విషయం.

ఇంటి ఆవరణలో వేధశాల నిలపడం అంటే ఒక గది కట్టి అందులో దూరదర్శిని ఉంచడం కాదు. ఈ విషయాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సిద్ధాంత గ్రంథాలు చదువుకొన్నవారికి శంకువు, నాడీవలయం, గోళయంత్రం సుపరిచితాలు గాని ఈ కట్టడపు మర్మాలు అంతగా పరిచితాలు కావు. దూరదర్శిని నిలిచే స్తంభానికి, చుట్టూ ఉన్న గోడలకు, నడిచే నేలకు ఎక్కడా స్పర్శ ఉండరాదు. స్తంభం తన పునాదిపై తానే ఒంటరిగా నిలవాలి. లేకుంటే మనిషి అడుగు వేసినప్పుడల్లా బింబం కంపిస్తుంది. రెండు రకాల యంత్రాలకు రెండు రకాల కప్పులు కావాలి. యామ్యోత్తర రేఖ వెంబడి మాత్రమే కదిలే సంక్రమణ యంత్రానికి దక్షిణం నుండి ఉత్తరానికి కప్పులో సన్నని చీలిక చాలు. ఆకాశంలో ఏ దిక్కుకైనా తిరగవలసిన దూరదర్శినికి మాత్రం గుమ్మటం కావాలి. ఆ గుమ్మటం గోడ మీద చక్రాల ఆధారంతో మొత్తంగా తిరగాలి; దానిలోని ద్వారం క్షితిజం నుండి ఖమధ్యం దాకా తెరుచుకోవాలి. తిరిగేటప్పుడు బరువు ఎక్కడా ఒకవైపు ఒరగరాదు. సంధ్యాసమయానికి ముందే ద్వారం తెరచి లోపలి వేడిని బయటికి పంపకపోతే నక్షత్రం నిప్పురవ్వలా అదురుతూ కనిపిస్తుంది. సముద్రతీరంలోనైతే ఉప్పుగాలి ఇనుముకు, తేమ కటకానికి శత్రువులు. విశాఖ వంటి చోట ఈ రెండింటితోనూ నిత్యయుద్ధమే.

ఇంకొక చిక్కు అక్షాంశానిది. ధ్రువయష్టి ఆధారంగా తిరిగే దూరదర్శిని అక్షం, ఆ ఊరి అక్షాంశానికి సరిసమానమైన కోణంలో ధ్రువుని వైపు వాలి ఉండాలి. మన గోళగణితంలోని అక్షోన్నతి సూత్రమే ఇది. నరసింగరావు 1874లో తెప్పించిన ఆరంగుళాల దూరదర్శినిని నిర్మించిన కుక్ సంస్థ ఇంగ్లండులోని యార్క్ నగరానిది. అక్కడ ధ్రువుడు క్షితిజానికి 54 అంశల ఎత్తున నిలుస్తాడు. విశాఖలో 18 అంశలకు కూడా తక్కువ. అంటే యార్క్ నగరంలో నిటారుకు దగ్గరగా నిలిచే అక్షం ఇక్కడ దాదాపు పడుకొని ఉంటుంది. పీఠం, ప్రతిభారం, కంటికటకం చేరే ఎత్తు, దానిని బట్టి గుమ్మటపు గోడ ఎత్తు అన్నీ మారవలసిందే. గ్రంథంలో ఒక్క పంక్తిలో ముగిసే అక్షాంశభేదం కట్టడంలో ఇంతటి మార్పును కోరుతుంది.

వేధశాలకు ప్రాణం కాలనిర్ణయం. ఒక నక్షత్రం యామ్యోత్తర రేఖను దాటిన క్షణాన్ని గడియారంతో సరిచూచి, గడియారం ఎంత ముందున్నదో, ఎంత వెనుకబడినదో రాత్రి తరువాత రాత్రి లెక్కించుకోవాలి. అరవై ఘటికల నాక్షత్ర అహోరాత్రం అని సిద్ధాంతులు చెప్పినది ఇక్కడ 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లుగా గడియారంలో నడుస్తుంది. రేవుపట్టణమైన విశాఖకు ఇది వినోదం కాదు, అవసరం. నావికులకు రేఖాంశం తెలియాలంటే నిర్దుష్టమైన కాలం తెలియాలి. డాల్ఫిన్ నోస్ కొండపై నిలిచిన ధ్వజస్తంభంతోనూ ఈ కుటుంబానికి సంబంధం ఉన్నది. నేటి భారత ప్రామాణిక కాలం 1906లో వాడుకలోకి వచ్చింది. దానికి ఆధారమైన 82½ అంశల రేఖ కాకినాడ సమీపంలో పోతుంది. విశాఖ స్థానికకాలానికీ దానికీ భేదం మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. నరసింగరావు కాలంలో ఏ ఊరికి ఆ ఊరి సూర్యుడే ప్రమాణం.

1868 సంవత్సరం ఆంధ్రదేశానికి ఖగోళశాస్త్రంలో మహత్తరమైనది. ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగునేల మీదుగా నడిచింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, మదరాసు వేధశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణంలో, ఆ వేధశాల సహాయకుడు చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో యంత్రాలు నిలిపారు. సూర్యుని చుట్టూ లేచే జ్వాలల వర్ణపటంలో కనబడిన పసుపురేఖే తరువాత హీలియం అనే మూలకపు ఆవిష్కరణకు దారితీసింది. విశాఖ సంపూర్ణగ్రాస పథానికి వెలుపల ఉన్నది. అయినా నరసింగరావు పాక్షికగ్రహణాన్ని దాబాగార్డెన్స్‌లో వేధించారు. ఆ ఏడాదే నవంబరు 5న బుధుడు రవిబింబాన్ని దాటడాన్నీ గమనించారు. ఇటువంటి పరిశీలనల ఫలితంగా 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వం ఆయనకు లభించింది. ఆ గౌరవం పొందిన తొలి భారతీయులలో ఆయన ఒకరు; రఘునాథాచార్యులకు అది 1872లో లభించింది.

ఆయన జీవితానికి శిఖరం 1874 డిసెంబరు 9. శుక్రుడు రవిబింబం మీదుగా నడిచే ఘట్టం అది. అంతకు ముందు అటువంటిది 1769లో జరిగింది. 1882లో మరొకటి రానున్నా అది మన దేశంలో కనబడేది కాదు. కనుక ఆనాటి ప్రౌఢవయస్కునికి ఇది ఒకే ఒక్క అవకాశం. అప్పటికి ఆయన వయస్సు 47. కుక్ దూరదర్శినిని తెప్పించిన సంవత్సరం ఇదే కావడం గమనింపదగినది. భూమి మీద దూరదూరంగా ఉన్న స్థలాలలో శుక్రుడు బింబాన్ని తాకిన క్షణాలను పోల్చి చూస్తే సూర్యలంబనం, దాని నుండి భూమికి సూర్యునికి గల దూరం సిద్ధిస్తాయి. ఇందుకోసం ఐరోపా ప్రభుత్వాలు నౌకలను, సేనాధికారులను, లక్షల ధనాన్ని వినియోగించాయి. మన దేశంలో రూర్కీ వద్ద టెన్నంట్ నాయకత్వంలో ప్రభుత్వ బృందం నిలిచింది. విశాఖలో మాత్రం ఒక గృహస్థు స్వంత యంత్రంతో, తన తోటలో కూర్చున్నారు. ఆ ఉదయపు ఆయన పరిశీలన లండను సొసైటీ మాసపత్రికలో అచ్చయింది.

ఈ ఘట్టాన్ని మన శాస్త్రదృష్టితో చూడడం సముచితం. సూర్యసిద్ధాంతం తారాగ్రహాల పరస్పర యోగాన్ని ఉల్లేఖం, భేదం మొదలైన విధాలుగా విభజించింది. చంద్రునితో కలిస్తే సమాగమమన్నది. సూర్యునితో కలిస్తే అస్తమయమన్నది. పంచాంగాలలో శుక్రమౌఢ్యమని, వాడుకలో మూఢమని చెప్పేది ఈ అస్తమయాన్నే. సూర్యకాంతిలో గ్రహం అదృశ్యమైనదని దాని అర్థం. భావ నామ సంవత్సరంలోని ఆ డిసెంబరులో శుక్రుడు మూఢంలోనే ఉన్నాడు. ఊరిలో ముహూర్తాలు ఆగిన వేళ, తోటలోని దూరదర్శిని ముందు అదే అదృశ్యగ్రహం ప్రకాశబింబంపై నల్లని చుక్కగా దృశ్యమైంది. శాస్త్రాలు పరస్పరం విరుద్ధమని దీనికి అర్థం చెప్పడం తొందరపాటు. కంటికి కనబడనిది అస్తమించినదే అనడంలో దోషం లేదు. దూరదర్శిని ఆ కంటి హద్దును మార్చింది. దృగ్గణితైక్యం కావాలని మన పూర్వాచార్యులే కోరారు. ఉత్కళదేశంలో ఖండపడా గ్రామానికి చెందిన సామంత చంద్రశేఖరుడు దూరదర్శిని లేకుండా, తాను నిర్మించుకొన్న సంప్రదాయ యంత్రాలతో ఈ ఘట్టాన్నే గణించి సిద్ధాంతదర్పణంలో చేర్చాడు. రఘునాథాచార్యులు మదరాసులో దృగ్గణిత పంచాంగం వెలువరించడానికి పూనుకొని, ఈ సంక్రమణాన్ని జనులకు వివరిస్తూ దేశభాషలలో చిన్న పుస్తకం ప్రకటించారు. ఒకే సంవత్సరంలో, ఒకే తూర్పుతీరాన, ముగ్గురు మూడు మార్గాలలో ఒకే బిందువును చూడడం మన ఖగోళచరిత్రలో మరల జరగని సంగతి. వారిలో నరసింగరావు గ్రంథకర్త కాడు, పంచాంగకర్తా కాడు. చూచినదానిని కాలంతో సహా వ్రాసి పంపడమే ఆయన పని. ఆయన పేరు పండితలోకంలో తక్కిన ఇద్దరి పేర్లవలె నిలవకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

నిత్యకృత్యంగా నడిచినది మాత్రం వాతావరణ పరిశీలన. వాయుభారం, ఉష్ణోగ్రత, గాలిదిక్కు, వర్షపాతం రోజూ వ్రాసి, పట్టికలుగా అచ్చు వేయించేవారు. తుపానుల తీరంలో ఈ పట్టికల విలువ గ్రహణవేధ కన్న తక్కువది కాదు. 1881 నవంబరు 8న బుధుడు రవిబింబం మీద ఉండగానే విశాఖలో సూర్యోదయమైంది. ఆ వేధ కూడా లండనుకు చేరింది.

నరసింగరావు 1892లో, నందన నామ సంవత్సరంలో, మరణించారు. రెండవసారి అదే ప్రశ్న ఎదురైంది. ఈసారి కుమారుడు రాజా అంకితం వెంకట జగ్గారావు భారం వహించారు. తాతగారి పేరు ధరించిన ఆయన వాతావరణ పట్టికలను వెలువరిస్తూ వచ్చారు. ఆ తరంతో వేధశాల చరిత్ర ముగిసిందనవచ్చు. నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి, తోట పోయింది.

ఆ కుటుంబపు పేరు మాత్రం మరొక చోట నిలిచింది. విశాఖలోని శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాల పేరులోని మూడక్షరాలు అంకితం వెంకట నరసింగరావువే. శ్రీమతి అన్న గౌరవవాచకం ఆయన సహధర్మచారిణిది. ఆయన మరణించిన ఆ 1892లోనే చంద్రశేఖర అయ్యర్ అనే అధ్యాపకుడు ఆ కళాశాలలో ఉపన్యాసకుడుగా చేరడానికి కుటుంబంతో విశాఖ వచ్చారు. ఆయన వెంట వచ్చిన నాలుగేళ్ల బాలుడు చంద్రశేఖర వెంకట రామన్.