గాజుల మలారం దించిన యోగి – కైవారం తాతయ్య

చింతామణి తాలూకాలోని కైవారం పేరు చెప్పగానే సరిహద్దు పల్లెల ప్రజల మనసులో మెదిలే రూపం తాతయ్యది. ఆయన అసలు పేరు నారాయణప్ప. యోగి నారేయణ యతీంద్రులుగా, కాలజ్ఞాన కర్తగా ప్రసిద్ధులైన ఈ మహనీయుడు తొలుత ఊరూరా తిరిగి గాజులమ్మిన సామాన్య గృహస్థు.

నారాయణప్ప 1726లో కైవారంలో ఒక బలిజ కుటుంబాన జన్మించారని సంప్రదాయం. తల్లి ముద్దమ్మ, తండ్రి కొండప్ప. కైవారంలో వెలసిన అమర నారేయణస్వామి ఆయనకు ఇష్టదైవం. పెద్దలనుండి వచ్చిన గాజుల వ్యాపారమే ఆయనకు బ్రతుకుతెరువు.

గాజుల వ్యాపారమంటే కాలినడక బ్రతుకు. మలారం భుజాన వేసుకుని ఎండలో, వానలో ఊరినుండి ఊరికి సాగాలి. పెండ్లిండ్లకు, పండుగలకు, సీమంతాలకు ముత్తైదువుల చేతులకు గాజులు తొడగాలి. చేతిలో కాసు లేనివారికి అరువివ్వాలి, పంట వచ్చాక ధాన్యం కొలిపించుకోవాలి. బాకీలను గట్టిగా అడిగే నేర్పు నారాయణప్పకు లేదని చెబుతారు. తన భజనలో తానుండేవారు. వ్యాపారం సాగలేదు, ఇంట కలతలు రేగాయి. భార్య మునెమ్మ ఆవేదన అకారణమైనది కాదు. సంసారం గడవాలి గదా!

అది బాటలు క్షేమంగా ఉన్న కాలం కాదు. ఆయన జీవితకాలంలోనే హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల యుద్ధాలు ఈ సీమను కుదిపివేశాయి. 1791లో నందిదుర్గం ఆంగ్లేయుల వశమైంది. దారిన పోయేవాడు బైరాగియో, దండునుండి పారిపోయి వచ్చిన సిపాయియో, దొంగయో తెలిసేది కాదు. కొత్తవారిని చూస్తే తలుపు మూసుకోవడమే లోకరీతి.

అటువంటి రోజులలో నడివయసులో ఉన్న నారాయణప్పకు ఒక అపరిచిత సాధువు తారసపడ్డారు. ఆయన ఊరు, కులం, వంశం ఏవీ ఎవరికీ తెలియవు. అందుకే లోకం ఆయనను పరదేశిస్వామి అన్నది. పరదేశి అంటే పొరుగు దేశంవాడు, దిక్కూమొక్కూ లేనివాడు అని మన పల్లెల వాడుక. నారాయణప్ప మాత్రం ఆయనను ఏ వివరమూ అడగక గురువుగా స్వీకరించారు. పరదేశిస్వామి అష్టాక్షరీ మంత్రాన్ని ఉపదేశించి, ఒక గులకరాయిని నోట ఉంచుకుని జపం చేయమని ఆదేశించారట. కైవారం చెంతనున్న కొండ గుహలో ఆయన తపస్సు చేశారనీ, సాధన ఫలించిన నాడు ఆ రాయి కలకండగా మారిందనీ భక్తుల విశ్వాసం.

మలారం దించినా ఆయన జనాన్ని విడువలేదు. ఇంటింటి కష్టసుఖాలు కళ్లారా చూసిన అనుభవమే ఆయన పలుకుకు బలమైంది. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు రచించారు. కాలజ్ఞానం చెప్పారు. తన పదాలకు అమర నారేయణ అనే ముద్రను ఉంచారు. గురుభక్తిని కీర్తించి, కులభేదాలను నిరసించారు. పండితులకన్నా ముందు పామరులే ఆయన పదాలను కంఠస్థం చేశారు.

1836లో కైవారంలో ఆయన జీవసమాధి చెందారు. నూట పదేండ్లు జీవించారని సంప్రదాయం. నేటికీ గురుపూర్ణిమకు అక్కడ సంగీతోత్సవం జరుగుతుంది. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం ప్రాంతాల భజన బృందాలు ఆయన పదాలు పాడతాయి.

ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చే ఈ సీమలో, ఆయన తెలుగు పదాలను కన్నడ లిపిలో చదివి పాడుకునేవారున్నారు. లిపి మారినా పదం నిలిచింది. అయితే అర్థం తెలిసి పాడే పెద్దలు నానాటికీ తగ్గుతున్నారు. ఇంటి భాషలోని మాటలను పెద్దలు పిల్లలకు విప్పి చెప్పినంతకాలమే ఆ పదాలు నాలుకనుండి మనసుకు దిగుతాయి. ఊరూపేరూ లేని బాటసారినుండి నారాయణప్ప అందుకున్న విద్యకు ఇప్పుడు వారసులు ఈ పల్లెల పిల్లలే.