సైమన్ వాన్ డెర్ స్టెల్ మాతృవంశము

దక్షిణాఫ్రికాలోని కేప్ వలసకు మొదటి గవర్నరైన సైమన్ వాన్ డెర్ స్టెల్ డచ్చివాడనే లోకమెరుగును. ఆయన తల్లివైపు వంశాన్ని వెదుకుతూ పోతే మనం తిరిగి మన దేశానికే వచ్చి చేరుతాము.

తండ్రి ఆడ్రియాన్ డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. మారిషస్ దీవికి అధికారిగా వెళుతుండగా, 1639 అక్టోబరు 14న నడిసముద్రంలో సైమన్ జన్మించారు. తల్లి మారియా లీవెన్స్ బటావియా ఆడపడుచు. ఆమెను కన్నది మోనికా, బానిసత్వంనుంచి విడుదల పొందిన భారతస్త్రీ. గోవా తీరపు మోనికా అని కొందరు, మోనికా డ కోస్టా అని కొందరు అంటారు. ఇంటిపేరు చెప్పగానే ఊరూ గోత్రమూ అడిగే మనకు, ఒక సముద్రతీరమే ఆమె ఇంటిపేరు కావడం మనసు కలచివేస్తుంది.

మనుమడి ఇంటిపేరు మాత్రం ఊరికే పేరై నిలిచింది. 1679లో కేప్ చేరిన ఏడాదే ఆయన స్టెల్లెన్‌బాష్‌ను నెలకొల్పారు. 1685లో కాన్‌స్టాన్షియా భూములు పొంది ద్రాక్షతోటలు వేశారు. 1691లో గవర్నరై, 1699లో ఆ పదవిని పెద్దకొడుకు విలెమ్‌కు అప్పగించి, 1712లో కాలధర్మం చెందారు.

అమ్మమ్మ ఒకనాటి బానిస, ఆయనకూ బానిసలుండేవారు. కేప్‌కు తెచ్చిన భారతీయ బానిసలను బెంగాల్ వారనీ, మలబారు వారనీ, కోరమాండల్ వారనీ పుట్టిన తీరం పేరుతోనే కంపెనీ దస్తావేజులలో వ్రాసుకొనేవారు.