రెండు స్టాళ్ళలోనూ కొకు

మెల్‌బోర్న్‌లో ఉండే మా అక్క డిసెంబర్‌లో ఒక పని అప్పజెప్పింది. అక్కడ వాళ్ళ లైబ్రరీలో కొత్తగా వచ్చిన ఆస్ట్రేలియా పుస్తకాలు పెద్దవాళ్ళకి ఒక అరలో, పిల్లలకి ఇంకో అరలో పెడతారట. ఏడేళ్ళ మా మేనల్లుడు ఆ పిల్లల అర మొత్తం నమిలేస్తున్నాడు. తెలుగు మాత్రం అమ్మ, నీళ్ళు, వద్దు దగ్గరే ఆగిపోయింది. అందుకని విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్ళి, కొత్తగా వేసినవాటిలో తనకొకటి, వాడికొకటి కొని పంపమంది.

అడగడానికి నాకంటే అనర్హుడు దొరకలేదేమో. మాది ఈపూరు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగు మార్కుల కోసం చదివాను, పరీక్ష అవగానే వదిలేశాను. ఈ క్లబ్బులో చేరింది కూడా రూమ్మేట్ పోరు పడలేక. తెలుగులో ఒక పేజీ చదవాలంటే నాకు అయిదు నిమిషాలు పట్టేది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ మనలో సగం మంది పరిస్థితి ఇదే కదా.

జనవరిలో వెళ్ళాను. పెద్దల పుస్తకాల స్టాల్‌లో అక్క కోసం ‘చదువు’ అనే నవల తీసుకున్నాను. పేరు చూసే తీసుకున్నాను, రచయిత ఎవరో తెలీదు. తర్వాత పిల్లల స్టాల్‌లో చందమామ కథల పుస్తకం ఒకటి తీసుకున్నాను. బిల్లు రాస్తున్న పెద్దాయన నా చేతిలో రెండు పుస్తకాలూ చూసి, రెండింటి వెనకా ఉన్నది ఒకే మనిషి అన్నారు. నేను నమ్మలేదు. చందమామ నాకు కొత్త కాదు, తాతయ్య ట్రంకు పెట్టెలో పాత సంచికలు బోలెడు ఉండేవి, బొమ్మలు చూస్తూ పెరిగాను. వాటిలో కొడవటిగంటి కుటుంబరావు అనే పేరు ఎక్కడా చూసిన గుర్తు లేదు.

ఆ పేరు ఎందుకు లేదో తెలుసుకుందామని మొదలుపెట్టి ఇంత దూరం వచ్చాను.

కుటుంబరావు గారు, అందరూ కొకు అంటారు, 1909 అక్టోబర్ 28న తెనాలిలో పుట్టారు. మా పల్నాడు జిల్లా 2022లో విడిపోయిందిగానీ అంతకు ముందు అందరం గుంటూరు జిల్లావాళ్ళమే, కాబట్టి ఆయన మా జిల్లా మనిషే అని ఇప్పుడు ధైర్యంగా చెప్పుకుంటున్నాను. అయిదేళ్ళు నిండేలోపో నిండగానేనో తండ్రి పోయారు. పదకొండేళ్ళు వచ్చేసరికి తల్లి కూడా పోయారు. మేనమామ దగ్గర పెరిగారు. అన్నయ్య వెంకటసుబ్బయ్య గారు కూడా రచయితే, ఈయనకి సాహిత్యం రుచి చూపించింది ఆయనే. పదిహేనో ఏట పెళ్ళి చేసేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు.

చదువులో మాత్రం ఆయన సైన్సు మనిషి. గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్, విజయనగరం మహారాజా కాలేజీలో ఫిజిక్స్‌తో బీఏ. 1929లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ కోసం కాశీ వెళ్ళారు. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో స్టాక్ మార్కెట్ కూలింది. ప్రపంచమంతా మాంద్యం. పంటలకి ధర లేదు. పంటలకి ధర లేకపోతే మన వైపు ఇళ్ళలో ఏమవుతుందో ఈపూరులో పుట్టినవాడికి ఎవరూ వివరించక్కర్లేదు. మిర్చి రేటు పడిపోయిన ఏడాది మా ఇంట్లో మొదట ఆగేది ఫీజు మాటే. కొకు ఎమ్మెస్సీ కూడా మధ్యలో ఆగిపోయింది.

తర్వాత ఇరవై ఏళ్ళు ఆయన చెయ్యని పని లేదు. గుమాస్తాగా, టీచరుగా, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశారు. కొన్నాళ్ళు ఆంధ్రపత్రిక వారపత్రికలో చేశారు. ఏ ఉద్యోగంలో ఉన్నా రాత మానలేదు. కథలు, నవలలు, సినిమా మీద, సంగీతం మీద, సైన్సు మీద వ్యాసాలు. ఆయన కథల్లో మధ్యతరగతి ఇళ్ళే ఎక్కువ: జీతం, కట్నం, అద్దె, పరువు, అబద్ధాలు. ఎవరినీ తిట్టరు, ఎవరినీ మొయ్యరు. ఇంట్లో ట్యూబ్‌లైట్ వేసినట్టు వేసి పక్కకి తప్పుకుంటారు. బూజు మనకే కనిపిస్తుంది.

1952లో చందమామలో చేరారు. మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మొదలుపెట్టిన పత్రిక అది. చక్రపాణి గారిది కూడా తెనాలే. అప్పటికి కొకు వయసు నలభై రెండు, పెద్దల రచయితగా పేరు స్థిరపడింది. అలాంటి మనిషి వచ్చి పిల్లల పత్రికలో కూర్చున్నారు. ఒకటీ రెండేళ్ళు కాదు, చనిపోయేదాకా, ఇరవై ఎనిమిదేళ్ళు. పాఠకులు పంపిన కథల్ని తిరగరాసేవారు. పురాణాల్ని, ఇతర దేశాల కథల్ని పిల్లల భాషలోకి తెచ్చేవారు. భేతాళుడి పాత కథలు పాతికే కదా, అవి అయిపోయాక వేరే కథల చివర ఒక చిక్కు ప్రశ్న తగిలించి భేతాళుడి నోట్లో పెట్టేవారు. విక్రమార్కుడు నెలనెలా శవాన్ని మోస్తూనే ఉన్నాడు, మోయించింది ఈయన. ఆ కథలు తెలుగు నుంచి ఎన్నో భాషల్లోకి వెళ్ళాయి. అయినా పత్రికలో ఆయన పేరు పడలేదు.

నాకు ఇది మింగుడుపడలేదు. మేము గ్రూప్ ప్రాజెక్టులో నాలుగు లైన్ల కోడ్ రాసినా రిపోర్టు మీద పేరు ఎన్నో స్థానంలో ఉందో చూసుకుంటాం. ఈయన ఇరవై ఎనిమిదేళ్ళు పేరు లేకుండా రాశారు. ఇంకో సంగతి, ఆయన దేవుణ్ణీ దెయ్యాన్నీ నమ్మని మనిషి. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు శ్రీశ్రీ అధ్యక్షుడైతే ఈయన ఉపాధ్యక్షుడు. పగలంతా రాక్షసుల కథలు దిద్ది, ఇంటికొచ్చి సమాజం మీద వ్యాసాలు రాసేవారన్నమాట. మొదట ఇది డబుల్ రోల్ అనుకున్నాను. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాక అలా అనిపించలేదు. వాక్యం ఒకటే. పొట్టిగా, సూటిగా, ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు. నాలాంటివాడు కూడా డిక్షనరీ లేకుండా చదవగలిగాడంటే అదే కారణం. భేతాళుడు ప్రశ్న అడిగి ఆపినట్టే పెద్దల కథల్లో కూడా ఆయన మనల్ని అడిగి ఆపేస్తారు.

‘చదువు’ని సంక్రాంతి సెలవుల్లో కల్లంలో మిరపకాయలకి కాపలా పడుకుని ఫోన్ లైట్‌లో మొదలుపెట్టాను. సుందరం అనే కుర్రాడి చదువు కథ అది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి మాంద్యం దాకా నడుస్తుంది. చదువంటే ఉద్యోగం అని అందరూ నమ్ముతారు, చదివేసరికి ఉద్యోగం ఉండదు. కొకు సొంత చదువు నీడ అందులో పడింది. మా సీనియర్లలో కొందరికి ఆఫర్ లెటర్ వచ్చింది కానీ జాయినింగ్ డేట్ రాలేదు, ఏడాది అయింది. నేను సీఎస్ఈ ఎందుకు తీసుకున్నానని ఎవరైనా అడిగితే అందరూ తీసుకున్నారని తప్ప చెప్పలేను. ఆ రాత్రి సుందరాన్ని మూసి పక్కన పెట్టి చాలాసేపు నిద్రపోలేదు.

కొకు 1980 ఆగస్టు 17న పోయారు. తర్వాత విశాలాంధ్ర వాళ్ళు కేతు విశ్వనాథరెడ్డి గారి సంపాదకత్వంలో ఆయన రచనల్ని సంపుటాలుగా వేశారు. చందమామ ఆగిపోయి పదేళ్ళు దాటింది. ఆయన పుస్తకాలు మాత్రం ఇంకా కొత్తగా అచ్చయి స్టాళ్ళలోకి వస్తున్నాయి.

పిల్లల పుస్తకం మెల్‌బోర్న్ చేరింది. వాడికి అక్షరాలు రావు కాబట్టి ఆదివారాలు వీడియో కాల్‌లో నేనే చదువుతున్నాను, నా దగ్గర ఉన్న ఫొటోల్లోంచి. మొదటి వారం నేను తడబడుతుంటే వాడు నవ్వాడు. పోయిన వారం భేతాళుడి ప్రశ్నకి సగం ఇంగ్లీష్‌లో, సగం తెలుగులో జవాబు చెప్పి, అది తప్పైతే తల పగిలేది తనదా, నాదా అని అడిగాడు.

అక్క పుస్తకం ఇంకా పంపలేదు. తను రెండుసార్లు గుర్తుచేసింది. ఇంకా వంద పేజీలున్నాయి.