పద్మనాభ వీరుడు చిన విజయరామరాజు

అన్నదమ్ముల వివాదము గడప దాటినంతనే లాభము మూడవవానిదగును. విజయనగర ప్రభువులు చిన విజయరామరాజుగారి జీవితమే యిందుకు నిదర్శనము. వారి వీరమరణమును మన మెల్లర మెరుగుదుము. వారిని రణరంగమునకు నడిపించిన యింటి లెక్కల నెరిగినవారు కొందరే.

పూసపాటి ఆనందరాజుగారు 1760 ప్రాంతమున సంతానము లేక గతింపగా, బాలుడగు విజయరామరాజు దత్తతచే వారసుడయ్యెను. ఆయన సవతి యన్న సీతారామరాజు దివానయ్యెను. జమీ యనగా పెద్ద యుమ్మడి వ్యాపారము వంటిది. రైతులనుండి శిస్తు రావలెను. కుంపిణీవారికి పేష్కషు చెల్లవలెను. సిబ్బందికి జీతములు ముట్టవలెను. ఇచ్చట పట్టము తమ్మునిది, పెత్తనము అన్నగారిది. పేరొకరిది, తాళపుచెవు లొకరివి.

తమ్ముడు పెరిగి పెద్దవాడై స్వతంత్రము కోరెను. 1778లో చెన్నపట్టణపు గవర్నరు రంబోల్డు ఉభయులను రప్పించి, రాజుగారి యిష్టమునకు విరుద్ధముగా సీతారామరాజునే దివానుగా నిలిపెను. ఇంటి తగవునకు పరాయివాడు తీర్పరి యయ్యెను. ఆ పిదప సీతారామరాజు తొలగింపబడుటయు, 1790లో మరల వచ్చుటయు, 1793లో కుంపిణీవారు ఆయనను చెన్నపట్టణమునకు పిలిపించుకొనుటయు జరిగెను.

ఇంతలో బకాయిలు పేరుకొనెను. 1793లో కుంపిణీవారు జమీని జప్తు చేసి, రాజుగారిని నెలకు 1,200 రూపాయల భరణముపై మచిలీపట్టణమునకు పొమ్మనిరి. సొంత యాస్తికి తాము భరణపుజీవి యగుట వారికి మరణముకంటె హీనముగ తోచెను. వారు బయలుదేరియు పద్మనాభమున నిలిచిపోయిరి. 1794 జూలై 10వ తేదీన కర్నలు ప్రెండర్‌గాస్టు సేనలు ముట్టడించెను. గంటసేపైనను సాగని యా పోరున రాజుగారును పెక్కురు బంధుమిత్రులును నేలకొరిగిరి.

ఫలము ననుభవించినవాడు వారి కుమారుడు నారాయణబాబు. ఏ తగవు నెరుగని యా బాలుడు కొండదొరల యండ జేరవలసివచ్చెను. తుదకు జమీ దక్కినను అది వెనుకటి జమీ కాదు. పూర్వము విజయనగర మాక్రమించిన కొండజమీలు పెక్కులు చేయి జారెను. 1802 శాశ్వత పరిష్కారమున 24 పరగణాలు, 1,157 గ్రామములు నిలిచి, 5 లక్షల పేష్కషు మీద పడెను. నారాయణబాబుగారు 1845లో కాశీయందు గతించునాటికి జమీ ఋణభారమున క్రుంగియుండెను.

మన యుద్దానమునను కొబ్బరి, జీడి తోటలను ఉమ్మడిగ ననుభవించు కుటుంబములు కలవు. ఏటేట లెక్క చూపుట అనుమానమునకు గురుతు కాదు, బంధుత్వమునకు రక్ష. పెద్దలు సరిచూడని లెక్కకు బదులు చెప్పవలసినవారు పిల్లలే యని పద్మనాభ చరిత్ర మనకు బోధించుచున్నది.