స్టార్క్ హాథవే

స్టార్క్ రోజ్‌క్రాన్స్ హాథవే (ఆగష్టు 22, 1903 - జూలై 4, 1984) అమెరికాకు చెందిన ప్రముఖ మనస్తత్వ శాస్త్రవేత్త. నాడీ వైద్యుడు జాన్ చార్న్‌లీ మెకిన్లీతో కలసి మిన్నెసోటా మల్టీఫేసిక్ పర్సనాలిటీ ఇన్వెంటరీ (ఎంఎంపీఐ) అనే వ్యక్తిత్వ పరీక్షను రూపొందించారు. పరీక్షాంశాలను ఊహతో గాక గణాంకాల ఆధారంగా ఎంపిక చేసే పద్ధతికి ఈ పరీక్ష వలన విస్తృత ప్రచారం లభించింది.

బాల్యం, విద్య

హాథవే మిచిగాన్ రాష్ట్రంలోని సెంట్రల్ లేక్‌లో జన్మించారు. ఒహైయో రాష్ట్రంలో చదువుకొని, 1932లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పట్టా పొందారు. తరువాత అక్కడి వైద్య విభాగంలోనే చాలాకాలం పనిచేశారు. శరీరధర్మ మనస్తత్వ శాస్త్రంపై ఆయన రాసిన గ్రంథం 1942లో వెలువడింది.

పరీక్షాంశాల ఎంపిక

అంతకు ముందు అనేక ప్రశ్నావళులలో ఏ జవాబు రుగ్మతకు సూచన అనేది రచయితే నిర్ణయించేవారు. ఆ ఊహ తప్పితే రోగి గురించిన నిర్ణయం కూడా తప్పుతుంది. అందువలన హాథవే, మెకిన్లీలు వెయ్యికి పైగా వాక్యాలు సేకరించి, వాటినుండి 504 వాక్యాలను ఎంచుకున్నారు. వీటికి రోగులు ఇచ్చిన జవాబులను, ఆసుపత్రికి వచ్చిన సందర్శకులు మొదలైన సాధారణ వ్యక్తుల జవాబులతో పోల్చారు. రెండు వర్గాల శాతాల మధ్య తేడా, దాని ప్రామాణిక దోషానికి కనీసం రెండు రెట్లు ఉన్న వాక్యాలను ఎంపికకు అర్హమైనవిగా పరిగణించారు.

ఉదాహరణకు ఒక వాక్యాన్ని 100 మంది రోగులలో 60 శాతం, 200 మంది సాధారణ వ్యక్తులలో 40 శాతం నిజమని అన్నారనుకుందాం. తేడా 20, ప్రామాణిక దోషం సుమారు 6 కనుక ఆ వాక్యం అర్హమైనదే. రోగులు 25 మందే అయితే దోషం 10 దాటుతుంది. అదే తేడా ఉన్నా వాక్యం నిలువదు.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ఏ సంబంధమూ లేని 500 వాక్యాలను పరీక్షించినా, సుమారు 25 కేవలం యాదృచ్ఛికంగా ఈ గీటురాయిని దాటగలవు. కనుక ఎంపికైన వాక్యాలను కొత్త రోగులపై మరల పరీక్షించడం తప్పనిసరి.

1943లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఈ పరీక్షను ప్రచురించింది.

ఇతర పద్ధతులతో పోలిక

జె.పి.గిల్ఫర్డ్, రేమండ్ కాటెల్ వంటివారు కారకాంశ విశ్లేషణను అనుసరించారు. ఇందులో పరస్పర సహసంబంధం గల అంశాలు ఒక వర్గంగా చేరుతాయి. అందువలన మాపని అర్థం స్పష్టంగా ఉంటుంది, కాని అది రోగ నిర్ధారణకు పనికివస్తుందని ముందుగా చెప్పలేము. హాథవే పద్ధతిలో రోగులను వేరుచేయగల అంశాలు దొరుకుతాయి, కాని వాటిని కలిపే అర్థం తెలియకపోవచ్చు. 1967లో హెరాల్డ్ హేస్, లూయిస్ గోల్డ్‌బర్గ్ ఒకే అంశాల నిధి నుండి వివిధ పద్ధతులలో మాపనులు నిర్మించి పోల్చారు. ప్రధాన పద్ధతులు నాలుగూ దాదాపు సమానమైన ఫలితాలనే ఇచ్చాయి.

విమర్శలు, ప్రభావం

తొలి పరీక్షలోని సాధారణ వర్గం దాదాపు పూర్తిగా మిన్నెసోటాకు చెందిన శ్వేతజాతీయులే కావడం విమర్శకు గురయింది. హాథవే మరణానంతరం 1989లో వచ్చిన సవరణకు వివిధ రాష్ట్రాలకు చెందిన 2,600 మందిని ప్రమాణంగా తీసుకున్నారు. మూడవ రూపం 2020లో విడుదలైంది.