ఆహార శాస్త్రజ్ఞుడు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్

మన సంఘ వార్షిక మహాసభా సంచికలయందు కులపెద్దల జీవితములను ప్రకటించుట ఆచారము. ఈయేడు మేము మన గొల్లకులమునకు గాని, మన దేశమునకు గాని చెందని యొక వైద్యుని చరిత్రమును వ్రాయబూనితిమి. ఇందుకు కొందరు పెద్దలు ఆశ్చర్యపడవచ్చును. కాని నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో తరతరములుగా గొఱ్ఱెలను, మేకలను, ఆవులను, బఱ్ఱెలను నమ్ముకొని బ్రతికినవారము మనము. పాలలోను, వెన్నలోను మనుష్యదేహమునకు ఆవశ్యకమైన దేమి యున్నదో ఈ దేశమున ప్రయోగపూర్వకముగ చూపిన తొలివారిలో ఆయన ముఖ్యుడు. ఆయన ఆరంభించిన పరిశోధనాలయమే నేడు హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషణ సంస్థయై వెలయుచున్నది. మన చేతి సరకు విలువను మనకంటె బాగుగ నెఱిగినవాని జీవితమును తెలిసికొనుట మనకు లాభకరమని మా నమ్మకము.

రాబర్ట్ మెక్‌కారిసన్ 1878వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఐర్లండు దేశమున పోర్టడౌన్ అను ఊరిలో జన్మించెను. బెల్‌ఫాస్టు నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1900లో పట్టము పొంది, మరుసటి యేడు ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశమునకు వచ్చెను. మొదట వాయవ్య సరిహద్దునందలి చిత్రాలులో సైనిక వైద్యుడుగ నుండెను. అచ్చట ప్రతి వేసవిలోను సైనికులను మూడు దినములపాటు బాధించుచుండిన జ్వరమును శ్రద్ధగా పరిశీలించి, అది ఇసుక ఈగల మూలమున వచ్చునని నిరూపింప యత్నించెను.

అనంతరము గిల్గిత్తు ప్రాంతమున ఆయన చాలకాలము పనిచేసెను. ఆ లోయలలో గొంతువాపు అనగా గాయిటరు విస్తారముగ నుండెను. దానికి కారణమును వెదకుచు ఆయన ఆ గ్రామముల మురికినీటిని వడకట్టి, అడుగున నిలిచిన మడ్డిని తానే త్రాగి, తన గొంతు వాచుటను గమనించెను. తన దేహమునే యొడ్డిన ఆ సాహసము ప్రశంసనీయము. అయినను, మలిన జలమే ఆ వ్యాధికి మూలమని ఆయన పట్టిన పట్టు పూర్తిగా నిలువలేదు. ఆహారమునందు అయొడిను లోపించుటయే ప్రధాన హేతువని పిమ్మట స్థిరపడెను. మహనీయుల జీవితములలో వారి పొరపాట్లను గూడ వ్రాయుట ధర్మమని యెంచి దీనిని దాచక తెలుపుచున్నాము.

ఆ పర్వతసీమలోనే హుంజా ప్రజల దేహదార్ఢ్యము ఆయన మనస్సు నాకర్షించెను. వారు తినునవి ముడిధాన్యములు, కూరలు, ఫలములు, మేకపాలు. వైద్యుడు రోగులను చూచును గాని ఆరోగ్యవంతులను చూడడు. ఆరోగ్యమునకు గల కారణమును గూడ రోగకారణమువలెనే పరిశోధింపవలెనని ఆయనకు తోచిన దప్పుడే.

మొదటి ప్రపంచయుద్ధమున సేవచేసిన పిమ్మట, 1918లో నీలగిరులందలి కూనూరులో, పాశ్చరు సంస్థ భవనమున నొక చిన్న గదిలో, ఆయన బెరిబెరి వ్యాధిని గూర్చిన విచారణ నారంభించెను. ఈ వ్యాధి నాటి మదరాసు రాజధానిలో మన తెలుగువారి ఉత్తర సర్కారు జిల్లాలయందే అధికముగ నుండెను. మరపట్టిన తెల్లని బియ్యమునే ముఖ్యాహారముగ తినువారికి కాళ్లు చచ్చుబడుట, గుండె బలహీనపడుట సంభవించుచుండెను. ఆయన పావురములకును, కోతులకును లోపముగల ఆహారము పెట్టి, వాని నరములు మాత్రమే గాక జీర్ణకోశము, గ్రంథులు మొదలగు అవయవములన్నియు క్రమముగ చెడుటను చూపెను. ఆ ఫలితములను 1921లో నొక గ్రంథముగ ప్రకటించెను.

1923లో ప్రభుత్వము వ్యయము తగ్గించుటకై ఈ విచారణను రద్దుచేసెను. రెండేండ్ల పిమ్మట, 1925లో, అది మరల ప్రారంభమయ్యెను. క్రమముగ పెరిగి 1929 నాటికి పోషణ పరిశోధనాలయమను పేర స్థిరపడెను. 1935 వరకు ఆయనయే దానికి అధ్యక్షుడు.

ఇక మన కులమునకు మిక్కిలి సన్నిహితమైన ఘట్టమును చెప్పెదము. మన దేశమున వేర్వేరు ప్రాంతములవారి దేహపుష్టి వేర్వేరుగ నుండుటకు జాతి కారణమా, గాలి కారణమా, ఆహారము కారణమా యను ప్రశ్నను ఆయన ఎలుకల మూలమున పరీక్షించెను. ఒకే వయస్సు, ఒకే బరువుగల ఎలుకలను ఇరువదేసి చొప్పున ఏడు గుంపులు చేసి, సిక్కులు, పఠానులు, మహారాష్ట్రులు, గూర్ఖాలు, కన్నడిగులు, వంగీయులు, మదరాసీయులు తిను ఆహారములను ఒక్కొక్క గుంపునకు పెట్టెను. తుదకు తూచి చూడగా, సిక్కుల ఆహారము తిన్నవి సగటున 235 గ్రాములును, మదరాసు పేదల ఆహారము తిన్నవి 155 గ్రాములును తూగెను. ఎలుకలన్నియు ఒకే జాతివి, ఒకే గాలి పీల్చినవి. భేదము పళ్లెములోనే యుండెను.

సిక్కుల ఆహారమున పొట్టుతీయని గోధుమ రొట్టె, వెన్న, పాలు, మొలకెత్తిన శనగలు, పచ్చికూరలు, అప్పుడప్పుడు మాంసము ఉండెను. మదరాసు ఆహారమున కడిగిన బియ్యమే మెండు. పాలును, వెన్నయు మిక్కిలి తక్కువ. మంచి ఆహారముతో పెంచిన వేయికి పైబడిన ఎలుకలు రెండేండ్లకు మించి రోగమెఱుగక జీవించెను. ఆంగ్లదేశపు పేదలు తిను తెల్లరొట్టె, కృత్రిమ వెన్న, తీపి తేనీరు, ఉడికిన కూర, డబ్బా మాంసము పెట్టిన ఎలుకలో, సరిగా పెరుగక, రెండు నెలలలోనే బలహీనమైన వానిని బలమైనవి చంపి తిన నారంభించెను.

ఈ భేదమునకు కారణమేమి? 1913లో అమెరికాలో మెక్కాలమ్, డేవిస్ అను ఇరువురు వెన్నకొవ్వునందు ఎలుకల పెరుగుదలకు ఆవశ్యకమైన యొక పదార్థ మున్నదనియు, అది పందికొవ్వునందు గాని ఆలివునూనెయందు గాని లేదనియు కనిపెట్టిరి. దానికే పిమ్మట విటమిన్ ఏ అను పేరు వచ్చెను. కొవ్వు లన్నియు ఒకటి కావని లోకము అప్పుడు గ్రహించెను. ఈ విటమిను లోపించినచో పిల్లలకు రేచీకటి కలుగును. ముదిరినచో నల్లగుడ్డు మెత్తబడి చూపే పోవును. విటమిన్ ఏ లోపించిన ఆహారము తిన్న ఎలుకల మూత్రాశయమున రాళ్లు పుట్టుటను, పాల మూలమున అది నివారణమగుటను మెక్‌కారిసన్ కూనూరులో చూపెను.

కులబాంధవులారా, ఇచ్చట మన యింటి సంగతి విచారింపుడు. తెల్లవారుజామున మన యాడువారు కవ్వము పట్టి చల్ల చిలుకుదురు. వెన్న కాచి నెయ్యి చేసి అంగడికి పంపుదురు. చల్ల ఇంట మిగులును. జొన్నగటకలో ఆ చల్ల పోసికొని పిల్లలు త్రాగుదురు. చల్ల హీనమైనది కాదు. పాలలోని మాంసకృత్తులును, సున్నమును అందులోనే నిలుచును. కాని విటమిన్ ఏ కొవ్వులో కరుగునది గావున వెన్నతోనే వెడలిపోవును. మందను మేపినవాని బిడ్డ సంధ్యవేళ గడప కనబడక తడవుకొనుచుండగా, ఆ మంద నెయ్యి పట్నమున పరుల విస్తరిలో పడుట ఎంత విపరీతము! నెయ్యి యమ్మకుండుడని మేము చెప్పజాలము. ఉప్పు, బట్ట, చదువు దానితోనే గడువవలెను. కాని అమ్మకమునకు ముందు బిడ్డ పాలు తీసి పెట్టుట సాధ్యమే గదా.

మరియొక సంగతి. కోయంబత్తూరు వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడైన బి. విశ్వనాథ్‌తో కలిసి మెక్‌కారిసన్ 1926లో నొక పరిశోధనమును ప్రకటించెను. పశువుల ఎరువు వేసి పండించిన చిరుధాన్యము, రసాయనపు టెరువుతో పండిన దానికంటె పోషణలో మేలైనదని వారు తలచిరి. ఆ నిర్ణయము అన్నిచోట్ల రుజువు కాలేదు గాని, పైరు కోసిన చేలలో గొఱ్ఱెల మందను రాత్రి కట్టి ఎరువు చేయు మన వృత్తిని శాస్త్రజ్ఞులు గౌరవముతో పరిశీలించిన కాల మొకటి యుండెనని మనవారు తెలియవలెను.

1933లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. 1935లో పని విరమించి ఆంగ్లదేశమునకు వెడలెను. కూనూరులో ఆయన స్థానమున అయిక్రాయిడ్ పండితుడు నియుక్తుడయ్యెను. 1936లో లండనులో పోషణను గూర్చి ఆయన చేసిన ఉపన్యాసములు ప్రసిద్ధములు. ఆక్స్‌ఫర్డులో వైద్యులకు ఉన్నత శిక్షణ నిచ్చు బాధ్యత వహించి, అచ్చటనే 1960వ సంవత్సరము మే 18వ తేదీన పరమపదించెను.

ఆయన జీవించియుండగనే, 1958లో, ఆ పరిశోధనాలయము నీలగిరులను విడిచి హైదరాబాదునకు వచ్చెను. 1969లో జాతీయ పోషణ సంస్థ యను పేరు వహించెను. నిజాము ఏలుబడిలో నుండిన మన జిల్లాలకు కూనూరు ఎంత దూరమో! అట్టి విద్య తానే మన ముంగిటికి వచ్చెను. జొన్నలే ముఖ్యాహారముగ గలవారికి చర్మము పగిలి నల్లబడు పెల్లాగ్రా వ్యాధి కలుగుటకు జొన్నలోని ల్యూసిను కారణము కావచ్చునని గోపాలన్, శ్రీకంఠయ్య గారలు 1960లో సూచించిరి. ఈ సంస్థ పరిశోధనల ఆధారమున 1970లో పసిపిల్లలకు ఆరు నెలల కొకసారి విటమిన్ ఏ ద్రవమిచ్చు జాతీయ కార్యక్రమము ఆరంభమయ్యెను. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు నీరు త్రాగు బాలురకు మోకాళ్లు లోపలికి వంగుటను గూర్చి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు 1973లో ప్రకటించిరి. అట్టి గ్రామములలో మంచినీరు ప్రథమ చికిత్స. పాలు, చల్ల మూలమున లభించు సున్నము దానికి తోడు.

మెక్‌కారిసన్ పాలను, వెన్నను మెచ్చెనని చెప్పి, నేతిని మితిలేక తినుమని మే మనుట లేదు. నేయి గట్టి కొవ్వు. ఒడలు వంచి పనిచేయక, దానిని మిక్కుటముగ సేవించువారికి గుండెజబ్బు భయము కలదని నేటి శాస్త్రము తెలుపుచున్నది. దేహము తాను చేసికొనజాలని కొవ్వులు కొన్ని కలవని 1929లో అమెరికాలో బర్ దంపతులు కనిపెట్టిరి. అవి నువ్వులనూనె, కుసుమనూనె మొదలగువానిలో మెండు. నూనెను ప్రాణవాయువు చెడగొట్టును. దానిని అడ్డగించు పదార్థములకే యాంటీ ఆక్సిడెంట్లని పేరు. విటమిన్ ఈ అట్టిది. నువ్వులనూనె చాలకాలము చెడక నిలుచుటకు అందులోని సహజ పదార్థములే హేతువు. ఒకే నూనెను మరల మరల కాచుటచే ఆ రక్షణ నశించును. తోటకూర, మునగాకు మొదలగువానియందలి కెరోటిను దేహమున విటమిన్ ఏగా మారును. కాని ఆ కూరలో చెంచాడు నూనెయో, నెయ్యియో లేనిచో అది చక్కగ దేహమున కెక్కదు. పేదయింటికిని అందుబాటులో నున్న మందు ఇది.

ఎలుకల బోనులో ఆహారము పెట్టువాడు శాస్త్రజ్ఞుడు. మనుష్యుల పళ్లెములో పెట్టునది వారి సంపాదన. మదరాసు పేద మంచి ఆహారమును వలదని విడువలేదు, కొనలేక విడిచెను. కరవుచే పాలమూరు విడిచి కూలికి దూరదేశములకు పోయిన కుటుంబములకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కరలేదు. కావున శాస్త్రము తెలిపిన దానిని ఆచరించుటకు కులమెల్ల కలసి పూనవలెను.

మహాసభవారికి మా విన్నపములు మూడు. పాడిగల ప్రతి యింట, అమ్మకమునకు ముందు గర్భిణికిని, బాలింతకును, పసిబిడ్డకును పాలు తీసి పెట్టవలెను. ఆడుబిడ్డకు మగబిడ్డతో సమముగ పెట్టవలెను. పాడి లేని యింటి బిడ్డలకు పాడిగల పొరుగువారు పండుగనాడైనను చెంబెడు పాలు పంపవలెను. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు లింగమంతులస్వామి సన్నిధిని వేలకొలది చేరు మనవారికి ఈ సంగతులను సంఘ యువకులు బోధింపవలెను. పరదేశమున పుట్టినవాడు మన పాలకుండ విలువ తెలిసికొనుటకై జీవితమును ధారపోసెను. ఆ కుండను కాచువారము మనము; అందులో మొదటి గ్రుక్క మన బిడ్డలకు దక్కునట్లు చేయుదము గాక.