మందు ఒక్కటే, బతుకు దేశాన్ని బట్టి: యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పేదరికంతో పోరాడుతూ మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అక్కడ ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు, ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్న పురుషోత్తం స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. ఆ వ్యాధికి మందు కనుగొనాలన్న తపనతో బోస్టన్ చేరిన ఆయన మళ్లీ స్వదేశానికి రాలేదు.

హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి సాగించిన భాస్వర పరిశోధనలు ఆయనకు పేరు తెచ్చినా శాశ్వత పదవి మాత్రం లభించలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది మేలు చేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలపై ప్రయోగించగా వ్యాధి మరింత ముదిరింది. ఆ వైఫల్యమే దారి చూపింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా వ్యాధి తగ్గుముఖం పట్టిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆగస్టు 8న సుబ్బారావు కన్నుమూశారు.

అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లింఫోబ్లాస్టిక్ లుకేమియా చికిత్సలో కీలకం. ఇది కొత్త మందు కాదు, ఖరీదైనదీ కాదు. అయినా 71 దేశాల సమాచారంతో 2018లో వెలువడిన కాంకర్డ్ అధ్యయనం ప్రకారం, ఈ వ్యాధి సోకిన పిల్లల్లో ఐదేళ్లకు మించి జీవించినవారు ఫిన్లాండ్‌లో 95.2 శాతం కాగా ఈక్వడార్‌లో 49.8 శాతమే. నిజానికి ఈక్వడార్‌ను అట్టడుగు దేశమనలేం. క్యాన్సర్ రోగుల నమోదు వ్యవస్థే లేని నిరుపేద దేశాలు ఆ పోలికలోకి రానేలేదు.

అంతరానికి కారణం మందులో కన్నా దాన్ని అందించే వ్యవస్థలోనే ఎక్కువగా ఉంది. చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. చివరి దశలో వారం వారం మాత్రలు, తరచూ రక్తపరీక్షలు తప్పవు. జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రి అందుబాటులో ఉండాలి. ఆలస్యంగా గుర్తించడం, ఖర్చు భరించలేక మధ్యలో మానివేయడం, మందుల కొరత పేద దేశాల పిల్లలను బలిగొంటున్నాయి. 2030 నాటికి క్యాన్సర్ సోకిన పిల్లల్లో కనీసం 60 శాతం మందిని బతికించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యంగా పెట్టుకుంది.